తలకు ఆరు డాలర్లు సరే, తలలెన్ని?

ఉద్యోగుల లాగిన్‌లకు భద్రత కల్పించే సాఫ్ట్‌వేర్ కొనాలని కూర్చున్న ప్రతి సంస్థలోనూ మొదట వినిపించే ప్రశ్న ఒకటే: మనిషికి నెలకు ఎంత? అమ్మేవాళ్ళ వెబ్‌సైట్లలో పెద్ద అక్షరాలతో కనిపించేదీ ఆ అంకే. ఆరు డాలర్లను అయిదుకు దించడానికి వారాల తరబడి బేరాలు సాగుతాయి. పదిహేనేళ్ళుగా ఈ బేరాల బల్లకు ఒకసారి ఇటు, ఒకసారి అటు కూర్చున్నవాణ్ణి. బిల్లును తేల్చేది ఆ అంకె కాదని, దాన్ని దేనితో గుణిస్తున్నారన్నదని నాకు ఆలస్యంగా అర్థమైంది.

కొన్నేళ్ళ క్రితం ఒక సంస్థ కొటేషన్ చూడమని నన్ను పిలిచింది. జీతాల జాబితాలో 640 మంది. కొటేషన్ మాత్రం 1,100 పైచిలుకు ఖాతాలకు వచ్చింది. ఇందులో మోసం లేదు. "మీ డైరెక్టరీలో ఎన్ని ఖాతాలున్నాయి?" అని అమ్మేవాళ్ళు అడిగారు, మనవాళ్ళు లెక్కపెట్టి పంపారు. డైరెక్టరీ అంటే సంస్థ లాగిన్ ఖాతాలన్నీ ఉండే పట్టిక. తెరిచి చూస్తే ఎప్పుడో మానేసిన ఉద్యోగులు, మూడు నెలలుండి వెళ్ళిన శిక్షణార్థులు, స్కానర్ల కోసం తెరిచిన ఖాతాలు, సమావేశ మందిరం పేరుతో ఒకటి, టెస్ట్1 నుంచి టెస్ట్9 దాకా తొమ్మిది. రెండు వారాలు కూర్చుని వాటిని ఊడ్చేశాం. మూడు నెలల బేరంలో తగ్గనిది ఆ చీపురుతో తగ్గింది. కాబట్టి ఎవరి ధర తక్కువ అని పోల్చే ముందు, జీతాల జాబితాను డైరెక్టరీ పక్కన పెట్టి చూసుకోండి. ఈ పని ఎవరూ మీకోసం ఉచితంగా చేయరు. అమ్మేవాడైతే అసలే చేయడు.

ఇంకో మాట. ఈ సరుకు మూడు రకాలు, మూడింటినీ ఒకే పేరుతో అమ్ముతారు. మొదటిది గుమ్మం దగ్గర కాపలా: ఒకే లాగిన్‌తో అన్ని అప్లికేషన్లలోకి వెళ్ళడం, పాస్‌వర్డ్ తర్వాత రెండో అంచె తనిఖీ. రెండోది లెక్కాచారం: ఎవరికి ఏ హక్కులున్నాయి, ఎవరిచ్చారు, మనిషి వెళ్ళిపోయాక తీసేశారా లేదా. సెయిల్‌పాయింట్ లాంటివి ఈ కోవలోవి. మూడోది బీరువా తాళాల గుత్తి: సర్వర్లనూ డేటాబేసులనూ నడిపే పెద్ద ఖాతాల పాస్‌వర్డ్‌లను దాచి, వాడినప్పుడల్లా రాసిపెట్టడం. సైబర్‌ఆర్క్‌కు పేరొచ్చింది ఇక్కడ. ఈ చివరి రెండు రకాలకూ చాలా చోట్ల ధరల పట్టిక ఉండదు, "మాతో మాట్లాడండి" అనే బటన్ ఉంటుంది. వెయ్యి మంది లోపు సంస్థకు మొదటిది తప్పనిసరి. మూడోది చిన్న మోతాదులో చాలు. రెండోదాన్ని, రిజర్వు బ్యాంకు పర్యవేక్షణలో ఉన్న సంస్థ అయితే తప్ప, మూడు నెలలకోసారి విభాగాధిపతులను కూర్చోబెట్టి ఎక్సెల్ షీటుతో నడిపించవచ్చు. మూడూ కలిపి కట్టగట్టి ఇస్తాం, తగ్గింపు ధర అంటే మాత్రం చేతులు కట్టుకుని వినండి, సంతకం పెట్టకండి.

ఒక ఆసుపత్రి లెక్క

పోలిక గాలిలో చేస్తే అందరూ బాగానే కనిపిస్తారు. అందుకని ఒక సంస్థను ఊహించుకుందాం. తెలుగు నగరాల్లో ఎక్కడైనా ఉండగల, వెయ్యి మంది ఉద్యోగులున్న ప్రైవేటు ఆసుపత్రి. అందులో 280 మంది డాక్టర్లు, కార్యాలయ సిబ్బంది. వీళ్ళకు ఈమెయిలు, సొంత కంప్యూటర్ ఉన్నాయి, ఈమెయిలు, ఆఫీసు సాఫ్ట్‌వేర్ కలిపి అమ్మే మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ ప్రీమియం కట్ట వాడుతున్నారు. మిగతా 720 మంది నర్సులు, ల్యాబు, ఫార్మసీ, బిల్లింగ్ కౌంటర్లవాళ్ళు. వార్డుకో కంప్యూటర్, మూడు షిఫ్టులవాళ్ళకూ అదే. కీబోర్డు కింద ఒక చీటీ, దానిమీద అందరూ వాడే పాస్‌వర్డ్. ఆ చీటీని నేను చూడని ఆసుపత్రి లేదు.

ఇక్కడ వాడే ధరలన్నీ ఆయా సంస్థలు 2025లో ప్రకటించిన అమెరికా జాబితా ధరలు, పన్నులు అదనం. మన దేశంలో మీకొచ్చే కొటేషన్ వేరుగా ఉండవచ్చు. నిష్పత్తులు పెద్దగా మారవు.

మొదటి రకం, అంటే గుమ్మం దగ్గర కాపలా, కోసం మైక్రోసాఫ్ట్ అమ్మే ఎంట్రా ఐడీ (2023 వరకు దాని పేరు అజూర్ యాక్టివ్ డైరెక్టరీ) మూడు మెట్లుగా దొరుకుతుంది. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సేవ ఏది కొన్నా వెంట వచ్చే ఉచిత మెట్టు, మనిషికి నెలకు 6 డాలర్ల పి1, 9 డాలర్ల పి2. ఉచిత మెట్టును తక్కువ అంచనా వేయకండి. ఒకే లాగిన్ ఉంది, మొబైల్ యాప్‌తో రెండో అంచె తనిఖీ ఉంది. యాభై మంది ఉన్న ఆడిటర్ల కార్యాలయానికి అంతకు మించి అక్కర్లేదు. పి1లో వచ్చేది షరతులు పెట్టే అధికారం: ఆసుపత్రి నెట్‌వర్కులో ఉన్న కంప్యూటర్ నుంచైతే ఒకలా, బయట నుంచి వస్తే ఇంకోలా తనిఖీ చేయి అని చెప్పగలగడం. నర్సు ఫోను లాకర్లో ఉండే వార్డులో ఈ షరతులు లేకుండా రెండో అంచె తనిఖీ నడవదు. కాబట్టి ఆసుపత్రికి పి1 కావాలి.

అప్పుడు లెక్క వెయ్యిని ఆరుతో, పన్నెండుతో గుణిస్తే ఏడాదికి 72,000 డాలర్లు అవుతుందా? కాదు. బిజినెస్ ప్రీమియంలో పి1 ముందే కలిసి ఉంది. 280 మందికి కొత్తగా పైసా అక్కర్లేదు. చాలామందికి ఈ సంగతి తెలియక కొన్నదాన్నే మళ్ళీ కొంటారు. మిగిలిన 720 మందికి విడిగా పి1 కొంటే 51,840 డాలర్లు. కానీ షిఫ్టు ఉద్యోగుల కోసం మైక్రోసాఫ్ట్ 365 ఎఫ్1 అనే లైసెన్సు ఉంది, ధర 2.25 డాలర్లు. విచిత్రమేమిటంటే ఆరు డాలర్ల పి1 అందులో ఇమిడి ఉంది. అప్పుడు ఏడాదికి 19,440 డాలర్లు. ఒకే భద్రత, మూడో వంతు చిల్లర పెడితే వచ్చేస్తుంది.

ఇంత తేడా ఎందుకు ఇస్తారంటే దానికి గీత గీశారు. ఎఫ్ లైసెన్సు ఎవరికి ఇవ్వవచ్చో నిబంధనల్లో ఉంది: పని చేసే కంప్యూటర్‌ను ఇతరులతో పంచుకునేవారికి, లేదా 10.9 అంగుళాల కంటే చిన్న తెర ఉన్న పరికరం మీద పనిచేసేవారికి. వార్డు నర్సు నూటికి నూరుపాళ్ళు అర్హురాలు. బల్ల మీద సొంత కంప్యూటర్ ఉన్న బిల్లింగ్ సూపర్‌వైజర్ కాదు. సాఫ్ట్‌వేర్ మిమ్మల్ని ఆపదు, ఆడిట్ ఆపుతుంది. బిజినెస్ ప్రీమియానికి మరో గీత: 300 మంది దాటితే ఇవ్వరు. 280లో ఉన్న ఆసుపత్రి రెండో శాఖ తెరిస్తే ఆ గీత దాటేస్తుంది. దాటినవాళ్ళకు అంతకంటే ఖరీదైన ఇ3 లాంటివి కొనాలి.

పి2 సంగతి. రిస్కు ఉన్న లాగిన్‌ను పసిగట్టడం, పెద్ద అధికారాలను అవసరమైనప్పుడు గంటా రెండు గంటలకే ఇచ్చి వెనక్కి తీసుకోవడం దాని ప్రత్యేకతలు. వెయ్యి మందికీ కొంటే ఏడాదికి 1,08,000 డాలర్లు. కానీ ఆ తాత్కాలిక అధికారాల సౌకర్యానికి లైసెన్సు కావలసింది దాన్ని వాడేవారికీ, ఆమోదించేవారికీ, సమీక్షించేవారికీ మాత్రమే. ఆసుపత్రిలో అలాంటివాళ్ళు పది మంది. 1,080 డాలర్లు. వంద రెట్ల తేడా ఉన్న ఈ రెండు అంకెల్లో మీ కొటేషన్లో ఏది ఉందో చూసుకోండి. ఒక్క పి2 లైసెన్సు కొన్నా ఆ సౌకర్యాలు సంస్థ మొత్తానికీ తెరుచుకుంటాయి. తెరుచుకున్నాయి కదా అని రిస్కు తనిఖీని అందరికీ వర్తింపజేస్తే, లబ్ధి పొందిన ప్రతి మనిషికీ లైసెన్సు బాకీ పడ్డట్టే. తలుపు తీసి ఉన్నంత మాత్రాన ఇల్లు మనది కాదు.

ఆక్టాకు ఎప్పుడు వెళ్ళాలి

ఆక్టా 2009లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన, ఇదే గుమ్మం కాపలా అమ్మే సంస్థ. ఎవరి పక్షమూ వహించకపోవడం దాని బలం. మైక్రోసాఫ్ట్, గూగుల్, సేల్స్‌ఫోర్స్, మీ పాత జావా అప్లికేషన్, అన్నీ దానికి సమానమే. కట్టలుగా అమ్ముతుంది: మనిషికి నెలకు స్టార్టర్ 6 డాలర్లు, ఎసెన్షియల్స్ 17. మన ఆసుపత్రికి స్టార్టర్ అయినా 72,000 డాలర్లే. ఎంట్రా దారిలో ఎఫ్1కు 19,440, పది పి2లకు 1,080 కలిపి 20,520 అయ్యే చోట ఇది దండగ, మొహమాటం లేకుండా చెబుతున్నాను.

అయితే కార్యాలయం గూగుల్ వర్క్‌స్పేస్ మీద నడుస్తూ, నలభై యాభై క్లౌడ్ అప్లికేషన్లు వాడే సంస్థకు నేనే ఆక్టా సిఫారసు చేస్తాను. అక్కడ మైక్రోసాఫ్ట్ కట్ట ఏదీ ముందే కొని ఉండదు కాబట్టి "ఉచితంగా వస్తుంది" అన్న వాదన నిలవదు. రెండు మూడు కంపెనీలను కొని కలుపుకుంటున్న సంస్థకూ అంతే. వేర్వేరు డైరెక్టరీలను ఒక గొడుగు కిందికి తేవడంలో ఆక్టా పనితనం బాగుంటుంది. మనిషి చేరిన రోజే ఖాతాలన్నీ తెరుచుకుని, మానేసిన సాయంత్రమే మూసుకోవాలంటే స్టార్టర్ చాలదు, ఎసెన్షియల్స్‌కు ఎక్కాలి. కొటేషన్ స్టార్టర్‌కు తెప్పించుకుని, ప్రదర్శన ఎసెన్షియల్స్‌ది చూసి మురిసిపోయేవాళ్ళు చాలామంది.

ఫలానా వాళ్ళ దగ్గర చొరబాటు జరిగిందట కదా అని ఎవరో ఒకరు సమావేశంలో అంటారు. జరిగింది, ఇద్దరి దగ్గరా. ఆక్టా వినియోగదారుల సహాయ వ్యవస్థలోకి చొరబడ్డారని 2023 అక్టోబరులో బయటపడింది. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన ఉన్నతాధికారుల ఈమెయిళ్ళలోకి చొరబాటు జరిగిందని వెల్లడించింది. మైక్రోసాఫ్ట్ కథ లైసెన్సులు కొనేవాళ్ళు గుర్తుపెట్టుకోవలసింది. దొంగలు దూరింది రెండో అంచె తనిఖీ లేని ఒక పాత టెస్టు ఖాతా గుండా. "వీటికెందుకు లైసెన్సు, దండగ" అని మనం పక్కన పెట్టే టెస్ట్1 నుంచి టెస్ట్9 దాకా ఉన్నవి అలాంటివే. లైసెన్సు ఇవ్వదలుచుకోకపోతే ఖాతాను తీసేయండి. రెంటికీ మధ్య వదిలేయకండి.

ఉచితం అనే ఖరీదైన మాట

ఉచితంగా దించుకుని సొంత సర్వర్లలో నడుపుకునే లాగిన్ సాఫ్ట్‌వేర్ కీక్లోక్ గురించి అడగని ఇంజనీరు లేడు. 2014లో రెడ్‌హ్యాట్ బృందం నుంచి వచ్చింది, 2023లో క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్‌లో చేరింది, డబ్బు కట్టకుండా వాడుకోనిచ్చే అపాచీ లైసెన్సు. తలకింత అనే లెక్కే లేదు. సాంకేతికంగా గట్టి సరుకు, నాకు ఇష్టం కూడా.

మరి ఖర్చు ఎక్కడుంది? మనుషుల్లో. లాగిన్ ఆగితే ఆసుపత్రి ఆగుతుంది కాబట్టి కనీసం రెండు సర్వర్లు, డేటాబేసుకు నకలు, అర్ధరాత్రి ఫోను ఎత్తే మనిషి, ఆ మనిషి సెలవు పెడితే ఇంకో మనిషి. ఉచితంగా దొరికే కమ్యూనిటీ వెర్షన్‌లో కొత్త విడుదల వచ్చాక పాతదానికి భద్రతా సవరణలు ఆగిపోతాయి కాబట్టి వెంటపడి మార్చుకుంటూ ఉండాలి. 2022లో పదిహేడో వెర్షన్‌తో దాని పునాదినే మార్చారు. ఆ మార్పులో చిరునామాల్లో ఉండే /ఆత్ అనే ముక్క డిఫాల్టుగా పోయింది. ఆ ముక్కను అప్లికేషన్లలో రాసిపెట్టుకున్నవాళ్ళంతా ఒక్కొక్కటీ వెతికి మార్చుకోవాలి, లేదా పాత దారిని తిరిగి పెట్టుకోవాలి. విడుదల వివరాలు చదివేవాడికి అరగంట పని. చదవనివాడికి సోమవారం ఉదయం ముందుంది ముసళ్ళ పండగ. ఈ బాధ వద్దనుకుంటే రెడ్‌హ్యాట్ అమ్మే వెర్షన్ ఉంది, ఎక్కువ కాలం సవరణలు వస్తాయి. దానికి లెక్క మనుషులతో కాదు, ప్రాసెసర్ కోర్లతో.

ఉద్యోగుల కోసం కీక్లోక్ నేను సాధారణంగా వద్దంటాను. కానీ అదే ఆసుపత్రి రోగుల కోసం యాప్ తెస్తే మాట మారుతుంది. రిపోర్టులు చూసుకోవడానికి మూడు లక్షల మంది నమోదవుతారనుకోండి, తలకింత అన్న లెక్క అక్కడ తడిసి మోపెడవుతుంది. కోర్ల లెక్క, లేదా కీక్లోక్ లాగా ఏ లెక్కా లేకపోవడం అక్కడ వరం. మధ్యేమార్గం కూడా ఉంది. ఎంట్రా ఎక్స్‌టర్నల్ ఐడీ లాంటివి నమోదైనవారిని కాక, ఆ నెలలో నిజంగా లాగిన్ అయినవారిని లెక్కిస్తాయి. అందులో మొదటి 50,000 మంది ఉచితం. రోగి ఏడాదికి రెండుసార్లు యాప్ తెరుస్తాడు. మూడు లక్షల నమోదులున్నా సగటున నెలకు 50,000 దగ్గరే తిరుగుతుంది. అంటే బిల్లు దాదాపు సున్నా.

చెన్నైలో మూలాలున్న జోహో గ్రూపు వారి మేనేజ్ఇంజన్ గురించి నాలుగు మాటలు. సర్వర్లన్నీ సొంత గదిలో, పాత యాక్టివ్ డైరెక్టరీ మీద నడిచే సంస్థలకు ఇది చవకైన, తెలివైన మార్గం. గమనించవలసింది లెక్కించే పద్ధతి. పాస్‌వర్డ్‌ను ఉద్యోగులే మార్చుకునే ఏడీసెల్ఫ్‌సర్వీస్ ప్లస్‌కు డైరెక్టరీలోని ఖాతాల లెక్క, 50 ఖాతాల దాకా ఉచితం. పెద్ద ఖాతాల తాళాలగుత్తి అయిన పామ్360కి నిర్వాహకుల లెక్క. అయిదుగురు నిర్వాహకులున్న ఆసుపత్రికి ఈ రెండో పద్ధతి బాగా కలిసొస్తుంది. ఇతర సంస్థల్లో కొన్ని తాము కాపలా కాయవలసిన సర్వర్ల సంఖ్యను లెక్కిస్తాయి. మనుషులు తక్కువ, యంత్రాలు ఎక్కువ ఉన్నచోట అది నష్టం.

ఏది కొన్నా ఒక చేదు నిజం: చాలా ఆసుపత్రుల ప్రధాన సాఫ్ట్‌వేర్, రోగుల నమోదు నుంచి డిశ్చార్జి దాకా నడిపేది, పాతకాలపుది. దానికి బయటి లాగిన్‌ను నమ్మే విద్య తెలియదు. ఆ చీటీ పాస్‌వర్డ్ దానిదే. కొనే ముందు ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్ళను శామ్ల్ గానీ ఓపెన్‌ఐడీ కనెక్ట్ గానీ (బయటి లాగిన్‌ను నమ్మడానికి అప్లికేషన్లు వాడే రెండు పద్ధతులు) తెలుసా అని రాతపూర్వకంగా అడగండి. లేదంటే పైన చెప్పిన లెక్కలన్నీ కేవలం ఈమెయిలుకు కాపలా కాయడానికి పెట్టిన ఖర్చుగా మిగులుతాయి.

కొటేషన్‌లో కనిపించని పద్దులు

బయటి లాగిన్‌ను నమ్మే విద్య తెలిసిన అప్లికేషన్లు కూడా దానికి వేరే రుసుము అడుగుతాయి. ఈ వ్యాపారంలో దీనికి సింగిల్ సైన్ ఆన్ (ఒకే లాగిన్) పన్ను అని వెక్కిరింపు పేరుంది. మచ్చుకు ప్రోగ్రామర్లు కోడు దాచుకునే గిట్‌హబ్: మనిషికి నెలకు టీమ్ 4 డాలర్లు, ఎంటర్‌ప్రైజ్ 21. సంస్థ లాగిన్‌తో కలపడం ఖరీదైనదానిలోనే ఉంది. మాదాపూర్‌లో 60 మంది ప్రోగ్రామర్లున్న కంపెనీకి ఆ 17 డాలర్ల తేడా ఏడాదికి 12,240 డాలర్లు. అదే 60 మందికి ఎంట్రా పి1 కొంటే 4,320. తాళం కంటే గొళ్ళెం మూడింతలు. కాబట్టి మీరు కలపదలుచుకున్న అప్లికేషన్ల జాబితా రాసి, ఒక్కోదాని ఏ మెట్టులో ఈ సౌకర్యం ఉందో పక్కన రాసుకోండి. ఈ కాగితం లేకుండా ఏ పోలికా పూర్తి కాదు.

పన్ను సంగతి ఆసుపత్రులకూ కళాశాలలకూ ప్రత్యేకం. సాఫ్ట్‌వేర్ మీద 18 శాతం జీఎస్టీ. సాఫ్ట్‌వేర్ కంపెనీ అయితే దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకుని, తాను కట్టవలసిన జీఎస్టీలో తగ్గించుకుంటుంది. వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కనుక ఆసుపత్రికి ఆ క్రెడిట్ రాదు. మన 20,520 డాలర్లు నిజానికి 24,214. ఇతర రంగాల మిత్రులు చెప్పే ధరతో మీ ధరను పోల్చుకునేటప్పుడు ఈ తేడా కలుపుకోండి.

మరో పద్దు లాగ్‌లు, అంటే ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారు, ఏం చేశారు అనే నమోదులు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. ఎంట్రా ఉచిత మెట్టులో లాగిన్ వివరాలు 7 రోజులుంటాయి, పి1, పి2లలో 30 రోజులు. ఆక్టాలో 90 రోజులు. ఎవరి దగ్గరా 180 లేదు. మిగతా రోజులకు ఎక్కడో నిల్వ చేయాలి, దానికి నెల నెలా డబ్బు కట్టాలి. పెద్ద మొత్తం కాదు కానీ కొటేషన్లో దీన్ని కలిపినవాడిని నేను ఇంతవరకూ చూడలేదు. ఆడిట్ రోజున అడిగేది మాత్రం ఇదే.

సంతకానికి ముందు

కొండవీటి చాంతాడంత ఒప్పందంలో నేను వెతికేవి కొన్నే. సీట్లు తగ్గించుకోవచ్చా? మైక్రోసాఫ్ట్ వార్షిక చందాలో మొదటి ఏడు రోజుల తర్వాత పెంచుకోవడమే తప్ప తగ్గించుకోవడం రెన్యువల్ దాకా కుదరదు. నర్సులు తరచూ మారే చోట, అత్యధిక సంఖ్యకు కాక కనిష్ఠ సంఖ్యకు కొని, కావలసినప్పుడు కలుపుకోవడం మేలు. వార్షిక చందానే నెలనెలా కడతామంటే 2025 ఏప్రిల్ నుంచి 5 శాతం అదనం. చేతిలో డబ్బుంటే ఒకేసారి కట్టేయండి.

ధర ఎన్నాళ్ళు నిలుస్తుంది? మన లెక్కకు ప్రాణమైన ఎఫ్1నే చూడండి. 2026 జూలై నుంచి 2.25 డాలర్లను 3 చేస్తున్నట్టు మైక్రోసాఫ్ట్ 2025 డిసెంబరులో ప్రకటించింది. 19,440 కాస్తా 25,920 అవుతుంది. పి1 విడి ధరతో చూస్తే ఇప్పటికీ సగమే, నా సలహా మారదు. కానీ మూడింట ఒక వంతు పెరుగుదల ఒక్క ప్రకటనతో వచ్చింది. అందుకే మూడేళ్ళ ఒప్పందం అడగండి, రెన్యువల్‌లో పెంపు ఇంత శాతం మించదని అంకె రాయించుకోండి, అదీ రూపాయల్లో. రూపాయల్లో బిల్లు ఇస్తామనడం వేరు, రూపాయల ధరను మూడేళ్ళు మార్చం అనడం వేరు.

ఇక వెళ్ళిపోయే దారి. చాలా క్లౌడ్ లాగిన్ సేవలు పేర్లు, గ్రూపులు బయటికి ఇస్తాయి కానీ పాస్‌వర్డ్‌ల హ్యాష్‌లు (పాస్‌వర్డ్‌ను సరిచూడటానికి దాచే, వెనక్కి తిప్పలేని రూపాలు) ఇవ్వవు. అంటే మారిన రోజున వెయ్యి మందీ కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవాలి, ఫోను మళ్ళీ నమోదు చేసుకోవాలి. రాత్రి షిఫ్టు నర్సులతో ఈ పని చేయించడానికి వార్డు వార్డుకూ మనిషిని పంపవలసి వస్తుంది. కాబట్టి రెన్యువల్ తేదీకి నెల ముందు మేలుకుంటే ఇంకొకరి దగ్గరికి వెళ్తామన్న బెదిరింపును అవతలివాళ్ళు నమ్మరు. తేదీకి ఆరు నెలల ముందే, చేతిలో రెండో కొటేషన్‌తో, వెనక ఊడ్చిన డైరెక్టరీతో మాట్లాడటం మొదలుపెట్టండి. స్వయంచాలక పొడిగింపు నిబంధన ఉంటే వద్దని చెప్పే గడువు ఎన్ని రోజుల ముందో చూసి, ఆ తేదీని ఐటీ విభాగం క్యాలెండర్లో కాదు, చెక్కు మీద సంతకం చేసే అకౌంట్స్ అధికారి క్యాలెండర్లో రాయించండి.